ముక్కులో కండ, రిపోర్టులో తొమ్మిది శాతం

మా గుంటూరులో మిరపకాయల సీజనొస్తే యార్డు దరిదాపుల్లో ఎవరూ ముక్కు మూసుకోకుండా నడవలేరు. నాకూ అంతే, ఆటో అటు తిరగగానే తుమ్ములు, దగ్గు, కళ్లల్లో నీళ్లు. అందుకే నాకు వాసన పోయిందన్న సంగతి చాలా నెలలు నాకే తెలియలేదు. ఘాటును పట్టేది ముఖానికి స్పర్శనిచ్చే నరం, వాసనను పట్టేది ముక్కు పైకప్పులో ఉండే వేరే నరం. మొదటిది పనిచేస్తూనే ఉంది, రెండోది మూగబోయింది.

దాన్ని పట్టుకున్నది మా అత్తయ్య. ఓ రోజు పొయ్యి మీద పోపు మాడి నల్లగా పొగ లేస్తుంటే నేను పక్కనే నిలబడి కొత్తిమీర తుంచుకుంటున్నాను. ఆవిడ వరండాలోంచి పరుగున వచ్చి స్టవ్ కట్టేసి, "ఏమ్మా, ఇంత మాడువాసన నీకు రావట్లేదా?" అంది. రావట్లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఏమీ లేదు. అప్పుడు భయమేసింది. ఇంట్లో గ్యాస్ లీకైతే ఏమిటి పరిస్థితి అని ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇది 2019 సంగతి. ఈఎన్టీ డాక్టరు సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పంపించి స్క్రీన్ మీద చూపించారు. రెండు వైపులా తడితడిగా, బూడిదరంగులో, తొక్క తీసిన చిన్న తాటిముంజల్లాగా వేలాడుతున్నాయి. వాటినే పాలిప్స్ అంటారు, మనవాళ్లు "ముక్కులో కండ పెరిగింది" అంటారు. ఈ మాటతో ఒక చిక్కుంది. ముక్కులో అందరికీ పుట్టుకతో ఉండే మడతలు, అంటే టర్బినేట్లు, ఎలర్జీతో ఉబ్బినా కండే అంటారు, పాలిప్ వచ్చినా కండే అంటారు. టర్బినేట్ సాధారణంగా గులాబీరంగులో ఉంటుంది, ముట్టుకుంటే తెలుస్తుంది. పాలిప్ పాలిపోయి ఉంటుంది, దానికి స్పర్శ దాదాపు ఉండదు. రెండింటి దారీ వేరు, వైద్యమూ వేరు. కాబట్టి ఎవరైనా కండ అన్నప్పుడు ఏ కండో అడిగి తెలుసుకోండి.

నేను రాయాలనుకున్నది రక్తం రిపోర్టుల గురించి. చాలాకాలం వాటిని నేను తప్పుగా చదివాను, నాకు చదివి చెప్పినవాళ్లలో కొందరూ తప్పుగానే చెప్పారు. నేను డాక్టర్ని కాను, ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఇక్కడ రాసేది నా ఫైలు చుట్టూ నేను నేర్చుకున్నది.

మొదట జరిగింది ఇదీ. ఒంట్లో వాపు ఉందా అని చూసే రెండు రక్త పరీక్షలు చేశారు, ఈఎస్ఆర్ 14, సీఆర్పీ 5 లోపు. రెండూ నార్మల్. రిపోర్టు చూసినాయన "రక్తంలో ఏ వాపూ లేదు, మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు" అన్నారు. నేను నమ్మాను. ముక్కు రెండువైపులా మూసుకుపోయి, నోరు తెరుచుకుని నిద్రపోతూ, తిండి రుచి లేక మూడు కిలోలు తగ్గిన మనిషిని, ఒంట్లో వాపే లేదంటే సరేనని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. సీఆర్పీ అనేది లివర్ తయారుచేసే ప్రొటీన్. న్యుమోనియా, చీము గడ్డ లాంటివి వచ్చినప్పుడు ఐఎల్-6 అనే సంకేతం లివర్‌కి అందితే అది అమాంతం పెరుగుతుంది. పాలిప్స్‌లో మనదగ్గర కూడా ఎక్కువమందిలో కనిపించే వాపు ఆ దారిన రాదు. అక్కడ నడిచే సంకేతాలు ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13. దీన్ని టైప్ 2 వాపు అంటారు, ఆస్తమాలో చాలామందికి ఉండేదీ ఇదే. ముక్కంతా పాలిప్స్‌తో నిండిపోయినా సీఆర్పీ పలకకపోవచ్చు. ఆ వీధి గొడవ ఈ వీధి పోలీస్ స్టేషన్‌లో నమోదు కాదు, అంతే.

మరి ఎక్కడ నమోదవుతుంది? అదే కాగితం మీద, అన్నిటికన్నా చవకైన సీబీపీలో, అంటే రక్తకణాల లెక్కలో, ఏ రకం తెల్లకణాలు ఎంత శాతమో చెప్పే డిఫరెన్షియల్ కౌంట్ అన్నచోట ఒక్క లైను. ఇసినోఫిల్స్: 9 శాతం.

నేను ఏటా బోర్డు మీద గీసే బొమ్మ అది. రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ ముదురు గులాబీరంగు రేణువులు. ఇయోసిన్ అనే ఎర్ర రంగును ఇష్టంగా పీల్చుకుంటాయి కాబట్టి 1879లో పాల్ ఎర్లిష్ వాటిని ఆ రంగుతోనే గుర్తించాడు. తెల్ల రక్తకణాల్లో ఇవి 2 నుంచి 3 శాతం ఉంటాయని మా పాఠ్యపుస్తకంలో ఉంటుంది, పిల్లల చేత వల్లె వేయించాను కూడా. ఆ పిల్లలకు చెప్పిన అంకెకు మూడింతలు నా రిపోర్టులో ఉంటే, పక్కన బోల్డ్ అక్షరాల్లో లేదని ఎవరూ పట్టించుకోలేదు, నేనూ చూడలేదు.

శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, లెక్క కట్టాలి. ఆ రోజు నా మొత్తం తెల్లకణాలు 8,200. అందులో 9 శాతమంటే 738. ఇదే ఏఈసీ, అంటే మైక్రోలీటరు రక్తంలో ఇసినోఫిల్స్ అసలు సంఖ్య. రిపోర్టులో విడిగా రాయకపోయినా మనమే గుణించుకోవచ్చు. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వాడికీ ఇదే బాధ. వాడి రిపోర్టులో 0.6 అని ఉంటే "అక్కా, నాది ఒకటి కూడా లేదు, నీది ఏడొందలేంటి" అని కంగారుపడ్డాడు. వాడిది వేలల్లో లెక్క, 0.6 అంటే 600. ఇద్దరిదీ ఒకటే కథ.

ఇక అసలు పొరపాటు. కొన్నాళ్లకు ముక్కు పూర్తిగా మూసుకుపోతే ఒకచోట ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల కోర్సు రాశారు. నాలుగో రోజు పొద్దున ఫిల్టర్‌లో కాఫీ దిగుతుంటే వాసన వచ్చింది! గిన్నె పట్టుకుని వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. ఆనందం సంగతి అలా ఉంచితే, ఆరో రోజున "ఎలర్జీ ఉందేమో చూద్దాం" అని రక్తం తీయించారు. తెల్లకణాలు 11,400, ఇసినోఫిల్స్ 1 శాతం. గుణిస్తే 114. "చూశారా, మీకు ఎలర్జీ తరహా ఏమీ లేదు, కొంచెం ఇన్ఫెక్షన్ ఉన్నట్టుంది" అని యాంటీబయాటిక్ రాశారు. మాత్రలు ఆపిన నెలన్నరకు వాసన మళ్లీ పోయింది, ముంజలు మళ్లీ నిండాయి.

తర్వాత నేను వెళ్లిన డాక్టరమ్మ చేసిన పని ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆవిడ నా రిపోర్టులన్నీ బల్ల మీద తేదీల వరసన పరిచి, 114 ఉన్న కాగితం మీద వేలు పెట్టి, "ఏమ్మా, ఈ రక్తం ఇచ్చిన రోజు ఏం మందులు మింగుతున్నారు?" అని అడిగారు. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. స్టెరాయిడ్ మాత్ర పడితే కొన్ని గంటల్లోనే రక్తంలో ఇసినోఫిల్స్ పడిపోతాయి. న్యూట్రోఫిల్స్ పెరిగి మొత్తం కౌంట్ ఎక్కువగా కనిపిస్తుంది. నా 11,400, ఆ 1 శాతం, రెండూ మాత్ర రాసిన రాతలే. ఇన్ఫెక్షనూ కాదు, ఎలర్జీ లేకపోవడమూ కాదు. మాత్రలు ఆపాక ఇచ్చిన శాంపిల్‌లో మళ్లీ 7,900లో 8 శాతం, 632 వచ్చింది.

ఆ రెండు కాగితాల మధ్య తేడా ఎంత దూరం పోతుందో చూపించడానికి జపాన్ వాళ్ల లెక్క చెబుతాను. అక్కడ చాలా ఆసుపత్రులు కలిసి చేసిన జెస్రెక్ అనే అధ్యయనం 2015లో అచ్చయింది. పాలిప్ ముక్క కోసి కణాలు చూడకుండానే ఇది ఇసినోఫిల్స్ రకం సైనసైటిసా కాదా అని అంచనా వేసేందుకు మార్కులు పెట్టారు. రెండు వైపులా జబ్బుంటే 3, పాలిప్స్ ఉంటే 2, సీటీలో కళ్ల మధ్యనుండే ఎత్మాయిడ్ గదుల్లో నీడ ఎక్కువగా ఉంటే 2. రక్తంలో ఇసినోఫిల్స్ 2 దాటి 5 శాతం వరకు ఉంటే 4, 5 దాటి 10 వరకు ఉంటే 8, 10 దాటితే 10. మొత్తం 11 వచ్చిందంటే ఇసినోఫిల్స్ రకం అనుకోవాలి. నా 9 శాతంతో వేస్తే 3, 2, 2, 8 కలిపి 15. స్టెరాయిడ్ మీద ఉన్న 1 శాతంతో వేస్తే 7. అదే ముక్కు, అదే సీటీ, అదే మనిషి. వారం రోజుల మాత్రలు నన్ను ఒక జబ్బులోంచి ఇంకో జబ్బులోకి మార్చేశాయి, కాగితం మీద. ఇది చూశాకే ఈ పోస్టు రాయాలనిపించింది. స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టే ముందు ఓ సీబీపీ చేయించుకోండి, ఖర్చు కొన్ని వందలు. ఆ కాగితం మీద తేదీతో పాటు ఏ మందులు వాడుతున్నారో పెన్నుతో రాసుకోండి. ముక్కులో కొట్టుకునే స్ప్రేకి ఫర్వాలేదు, దాని ప్రభావం రక్తం మీద చాలా తక్కువ. మాత్రలు, ఇంజెక్షన్లతోనే చిక్కు. ఆస్తమాకో, కీళ్లనొప్పులకో ఎవరో ఇచ్చిన మాత్ర కూడా ఇందులోకే వస్తుంది, అదేమిటో తెలియకుండా మింగేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో!

ఇంకో ముఖ్యమైన మాట, ల్యాబ్ వేసే "నార్మల్" గురించి. చాలా ల్యాబుల్లో ఏఈసీకి 440 అనో 500 అనో పైగీత ఉంటుంది. ఆ గీత ఆరోగ్యంగా ఉన్న జనంలో ఎంత ఉంటుందన్నదానికి. పాలిప్స్ ఉన్న మనిషిలో ఏ తరహా వాపు అన్న ప్రశ్నకు గీత వేరేచోట ఉంది. యూరప్ ముక్కు డాక్టర్ల మార్గదర్శకం ఈపాస్ 2020లో, వాపు సంకేతాలను అడ్డుకునే బయాలజిక్ ఇంజెక్షన్లకు ఎవరు అర్హులో చెప్పేచోట, టైప్ 2 వాపుకు రుజువుగా రక్తంలో ఇసినోఫిల్స్ 250 లేదా అంతకన్నా ఎక్కువ అని పెట్టారు. 2023 సవరణలో దాన్ని 150కి దించారు. అంటే 320 వచ్చి, ల్యాబ్ కాగితం మీద పక్కన ఏ గుర్తూ లేని మనిషి కూడా ఈ జాబితాలోకి రావొచ్చు. అలాగని 150 దాటినవాళ్లందరికీ ఇంజెక్షన్లని కాదు. రెండు వైపులా పాలిప్స్ ఉండాలి, సాధారణంగా ఓసారి ఆపరేషన్ అయి ఉండాలి, దాంతోపాటు వాసన పోవడం, ఆస్తమా, ఏడాదికి రెండుసార్లో ఎక్కువో స్టెరాయిడ్ కోర్సులు, జీవితం బాగా దెబ్బతినడం, ఇలాంటివాటిలో కొన్ని కలవాలి. రక్తం అంకె ఆ తక్కెడలో ఒక రాయి.

ఎందుకు ఒక రాయే అంటే, ఇసినోఫిల్స్ రక్తంలో ఉండేది గంటల లెక్కన. ఎముకమజ్జలో పుట్టి, రక్తంలో కాసేపు తిరిగి, కణజాలంలోకి దిగిపోతాయి. అవి రోజుల తరబడి కాపురం ఉండేది అక్కడే. రక్తంలో వాటిని లెక్కపెట్టడమంటే బస్టాండులో దిగుతున్న జనాన్ని లెక్కపెట్టి పెళ్లింట్లో ఎంతమంది ఉన్నారో చెప్పడం లాంటిది. చాలాసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు తప్పుతుంది. బస్టాండు ఖాళీగా ఉన్నా ఇల్లు నిండి ఉండొచ్చు. పైగా రాత్రిపూట ఎక్కువ, పగలు తక్కువ ఉంటాయి కాబట్టి, ఎప్పుడిచ్చినా ఒకే వేళకు ఇవ్వడం మంచిది. అందుకే ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్కను పాథాలజీకి పంపమనండి, మైక్రోస్కోప్ కింద ఒక్కో హైపవర్ ఫీల్డులో ఇసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయో అంకె రాయమని ముందే అడగండి. ఈపాస్ గీత అక్కడ 10. నా మొదటి బయాప్సీ రిపోర్టులో "ఇన్‌ఫ్లమేటరీ పాలిప్" అని రెండే మాటలున్నాయి. డాక్టరమ్మ ఆ స్లైడ్లను మళ్లీ చూపిస్తే 60 దాటి ఉన్నాయి. స్లైడు అదే, అడిగిన ప్రశ్నే కొత్తది.

ఆ కణాలే దోషులని కూడా అనుకోకండి, నేను అలాగే అనుకున్నాను. డెక్స్‌ప్రమిపెక్సోల్ అనే మాత్ర ఉంది, మొదట నరాల జబ్బుకు ప్రయత్నించింది. దాన్ని పాలిప్స్ ఉన్న కొద్దిమందికి ఆరు నెలలు ఇచ్చి చూశారు, 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. రక్తంలోనూ పాలిప్‌లోనూ ఇసినోఫిల్స్ దాదాపు ఊడ్చుకుపోయాయి. పాలిప్స్ మాత్రం అంగుళం కదల్లేదు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఐఎల్-4, ఐఎల్-13 దారిని అడ్డుకునే డూపిలుమాబ్ అనే బయాలజిక్ ఇంజెక్షన్‌తో వ్యవహారం దీనికి తలకిందులు. దాంతో పాలిప్స్ కుంచించుకుపోతాయి, వాసన వస్తుంది, కానీ కొంతమందిలో రక్తంలో ఇసినోఫిల్స్ కొన్నాళ్లు పెరుగుతాయి కూడా, ఎందుకంటే కణజాలంలోకి దిగే దారి మూసుకుంటే అవి రోడ్డు మీదే ఉండిపోతాయి. అమెరికాలో దాన్ని పాలిప్స్‌కు 2019 జూన్‌లో అనుమతించారు, తర్వాత అదే కోవ ఇంజెక్షన్లు, 2020లో ఒమాలిజుమాబ్, 2021లో మెపోలిజుమాబ్ వచ్చాయి. కాబట్టి చికిత్స మొదలయ్యాక అంకె పెరిగిందని గుండెలు బాదుకోవడం, తగ్గిందని సంబరపడటం, రెండూ తొందరపాటే.

మన దగ్గర ఇంకో విషయం కలుపుకోవాలి. "ఇస్నోఫీలియా ఉంది" అన్న మాట మన ఇళ్లలో జ్వరం, జలుబు అన్నంత మామూలు. ఆ మాటకు పాత అలవాటు కొద్దీ బోదకాలుకు ఇచ్చే హెట్రజాన్ బిళ్లలు వాడినవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. దానికి కారణం లేకపోలేదు. బోదకాలు పురుగు కోస్తాలో తరాలుగా ఉంది, దానివల్ల ఊపిరితిత్తుల్లో వచ్చే జబ్బులో ఇసినోఫిల్స్ 3,000 కూడా దాటతాయి, రాత్రిళ్లు దగ్గు ఆగదు. కడుపులో నులిపురుగులు, కొంకిపురుగులు ఉన్నా పెరుగుతాయి. అంచేత అంకె ఎక్కువగా ఉంటే నేరుగా ముక్కు మీదకు తోసేయకుండా మలపరీక్ష, అవసరమైతే నులిపురుగుల మందు సంగతి డాక్టరుతో మాట్లాడాలి. నాకు ఆల్బెండజోల్ ఇచ్చి మూడు వారాలాగి మళ్లీ చూశారు. అంకె ఎక్కడిదక్కడే ఉంది, అప్పుడు ముక్కుదే అని నిర్ధారించారు.

ఎలర్జీతో ముడిపడ్డ యాంటీబాడీ ఐజీఈ గురించి తొందరగా చెప్పేస్తాను. నాది 212. మామూలుగా 100 దాటితే టైప్ 2కి ఒక సూచన. వేలల్లో ఉండి, ముక్కులోంచి వేరుశనగ ముద్దలా చిక్కటి జిగురు వస్తుంటే ఫంగస్ ఎలర్జీ సైనసైటిస్ అనుమానించాలి, మన లాంటి ఉక్క వాతావరణాల్లో అది బాగానే ఉంది. అయితే అరవై డెబ్బై పదార్థాలకు చేసే ఎలర్జీ ప్యానెల్స్ ఉన్నాయే, వేలకు వేలు పోసి చేయించుకుంటారు, అందులో వంకాయ, శనగపప్పు, పెరుగు పాజిటివ్ వచ్చిందని అవన్నీ మానేస్తారు. పాజిటివ్ అంటే శరీరానికి ఆ పదార్థంతో పరిచయం ఉందని మాత్రమే, దానివల్లే జబ్బని కాదు. మా పక్కింటి పిన్నిగారు ఏడాదిపాటు పెరుగు మానేశారు, కండ అలాగే ఉంది. ఆ డబ్బుతో సీటీ తీయించుకుంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు. పెరియోస్టిన్ లాంటి కొత్త పరీక్షలు పరిశోధనల్లో కనిపిస్తాయి, మామూలు చికిత్సలో వాటికి చోటు ఇంకా రాలేదు.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. ఇసినోఫిల్స్ 1,000 దాటి, ఆస్తమా ఉండి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం, పాదం లేపలేకపోవడం, ఒంటి మీద మచ్చలు లాంటివి మొదలైతే అది రక్తనాళాల వాపు కావచ్చు, వెంటనే ఆంకా అనే రక్త పరీక్ష, పెద్ద డాక్టరు అవసరం. రెండోది, పాలిప్స్, ఆస్తమా రెండూ ఉన్నవాళ్లు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్న గంటా రెండు గంటల్లో ముక్కు కారి, ఆయాసం వస్తే ఆ మాత్రలు మళ్లీ ముట్టకూడదు. దీనికి రక్త పరీక్ష లేదు, ప్రధానంగా అడిగే తెలుసుకోవాలి.

నాకు 2020 ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. వాసన తిరిగొచ్చింది. మరుసటి ఏడాది కోవిడ్‌లో ఊరంతా వాసన పోయిందని భయపడుతుంటే నేను రోజూ పొద్దున లేవగానే ఇంగువ డబ్బా వాసన చూసి ఊపిరి పీల్చుకునేదాన్ని. 2022లో ఎడమవైపు మళ్లీ మొదలైంది, ఏఈసీ 590. ఆపరేషన్‌కు ముందు ఈ అంకె ఎక్కువగా ఉన్నవాళ్లలో పాలిప్స్ తిరిగి రావడం ఎక్కువని డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి ఈసారి కుంగిపోలేదు. రోజూ కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం, స్ప్రేని ముక్కు మధ్యగోడ వైపు కాకుండా చెవి వైపుకి తిప్పి కొట్టుకోవడం నడుస్తోంది. ఇంజెక్షన్ల మాట కూడా వచ్చింది. ఖర్చు తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది, ఇన్సూరెన్స్ వాళ్లను అడుగుతున్నాం.

రేపు పొద్దున ఎనిమిదింటికి శాంపిల్ ఇవ్వాలి. మాత్రలు ఆపి పదకొండు వారాలైంది, స్ప్రే ఒక్కటే వాడుతున్నాను. ఆ రెండు ముక్కలూ చీటీ మీద రాసి ఫైలుకు పిన్ను గుచ్చి పెట్టాను.